నీళ్లు తాగిన గోడ

బైరప్ప కళ్లు తెరవక ఆ గురువారానికి మూడు రోజులు. ఇవాళ తెరవొచ్చు, రేపు తెరవొచ్చు, అసలు తెరవకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరెందుకు, బస్టాండులో చిలకజోస్యం చెప్పేవాడు చాలడా అనుకుంది భార్గవి. అనుకుందే గానీ పైకి అనలేదు. మదనపల్లెలో ఆసుపత్రులతో తగువు పెట్టుకుంటే డిటెక్టివ్‌కు రేపు ఒక్క సమాచారమూ దొరకదు.

ఇన్సూరెన్సు కంపెనీలో పన్నెండేళ్లు క్లెయిముల గుట్టు తవ్వి, పైవాళ్లతో పొసగక బయటికొచ్చి, సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్న మనిషి భార్గవి. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఆరాలే. పిల్లవాడు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా చేస్తున్నాడా, ఇంతే. ఈ కేసు మాత్రం ఆ జాతిది కాదు.

పుంగనూరు నుంచి పెద్దపంజాణి వెళ్లే దారిలో పాల సంఘానికి ఒక గది కడుతున్నారు, కాల్చని ఇటుకలతో. ఎర్రమట్టి, కుప్పంలో గ్రానైటు రాళ్లు కోసేటప్పుడు రాలే తెల్లపొడి, కాస్త సున్నం కలిపి, మిషన్లో అదిమి, మూడు వారాలు నీళ్లు చల్లి ఆరబెట్టిన ఇటుకలవి. బట్టీ అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు, పొగ రాదు. చేసింది పుంగనూరు పిల్ల నాగవేణి. సోమవారం పొద్దుగూకే వేళ ఆ గది పడమటి గోడ కూలి, కాపలా ఉన్న బైరప్ప మీద పడింది. కాల్చని ఇటుక తడికి కరిగిపోయిందని ఊరంతా తీర్పు చెప్పేసింది. నాగవేణి మీద కేసు కట్టి, ఈ సాయంత్రం స్టేషనుకు రమ్మన్నారు. వెళితే ఇప్పట్లో ఇంటికి రావడం ఉండదని లాయరు ముందే చెప్పి, ఆమెను భార్గవి దగ్గరికి పంపాడు. మిగిలిన మూడు గోడలూ ప్రమాదమేనని, నాలుగింటికి జేసీబీ పెట్టి కూల్చేయమని, గదికి ఇన్సూరెన్సు చేసిన కంపెనీ రిపోర్టు మీద ఆర్డరు కూడా వచ్చింది. అది జరిగాక ఆ పిల్ల మాట నమ్మడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

నిన్న భార్గవి కుప్పం వెళ్లి ఆ తెల్లపొడి పుట్టిల్లు చూసి వచ్చింది. రాయి కోసే యార్డుల వెనక ఇళ్లకంటే ఎత్తు కుప్పలు. వానొస్తే ఆ పొడి కాలవల్లోకి జారి, పొలాల్లో పేరుకుని, గడ్డి కూడా మొలవనివ్వదట. ఎత్తి ఎక్కడ పారబోయాలో తెలియక తల పట్టుకుని కూర్చుంటే, ఈ పిల్ల లారీ వేసుకొచ్చి నాకిస్తారా అని అడిగిందని యార్డు యజమాని కుప్పుస్వామి నవ్వుతూ చెప్పాడు. పొలాల గొంతు నొక్కే పొడిని తీసుకెళ్లి గోడ చేయాలన్న ఆలోచన ఎలా తట్టిందో అని భార్గవి తిరుగుదారంతా ఆశ్చర్యపోతూనే వచ్చింది.

ఇప్పుడు గది తలుపు అద్దంలోంచి బైరప్పను చూస్తోంది. తలకు కట్టు. రెండు చేతులకూ మణికట్టు దగ్గర సిమెంటు కట్లు. కాళ్లకు చిన్న గీత కూడా లేదు. గోడ మీదపడినవాడికి రెండు మణికట్లూ ఒకే తీరుగా, వెనక్కి విరగడం ఏమిటని నర్సు శ్రీలక్ష్మిని అడిగింది. తనకూ అదే వింతగా ఉందని శ్రీలక్ష్మి ఒప్పుకుంది. ఎందుకైనా మంచిదని ఆమె నంబరు తీసుకుని, తనదీ నాగవేణిదీ ఇచ్చింది భార్గవి.

వరండా బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు ఫైలు ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. బైరప్ప నోరు విప్పితే వాంగ్మూలం రాసుకోవడానికి ఇన్సూరెన్సు ఆఫీసరు చంద్రమోహన్ పెట్టిన మనిషి. రెండోవాడు ఈశ్వరప్ప. నాగవేణికి మేనమామ. పుంగనూరు శివార్లలో నలభై ఏళ్లు ఇటుకల బట్టీ నడిపి, నిరుడు ఆర్పేసిన మనిషి. బైరప్ప ఆ బట్టీలో మంట చూసుకునేవాడు. ఆ అభిమానంతోనే మూడు రోజులుగా క్యారియరుతో గంజి తెచ్చుకుని మంచం పక్కనే కాపలా కాస్తున్నాడని, సొంత అన్న కూడా అంత చేయడని వార్డంతా చెప్పుకుంటోంది.

భార్గవి పక్కన కూర్చుని, సోమవారం సాయంత్రం ఎక్కడున్నారని మెల్లగా అడిగింది.

"కుప్పంలోమ్మా. చిన్నకూతురింట్లో. పొద్దన్నే పోతి, రాత్రికి ఆడనే ఉండిపోతి. మంగళవారం మొదుటి బస్సుకొచ్చి దిగేతలికి ఈ మాట సెవినబడె."

మాట్లాడుతూనే ఆయన కుడిచేతి వేలికణుపుతో వెనక గోడను కొట్టి చూస్తున్నాడు. టక్, టక్. కొట్టి, తల కాస్త వంచి వింటాడు. ఆసుపత్రి గోడ బాగోలేదన్నట్టు పెదవి విరిచాడు. ఇటుక మంచిచెడ్డలు చెవితో తేల్చే మనుషులకు ఆ అలవాటు పోదు కాబోలు అనుకుంది భార్గవి.

మీరు వెళ్లేసరికి గోడ ఎలా ఉందని అడిగింది. పోలీసులకు చెప్పిందే మళ్లీ చెప్పాడు. మట్టికుప్పలాగా పడి ఉందని, పచ్చి ఇటుకకు నీళ్లే యముడని, వద్దురా తల్లీ అని మేనకోడలికి ఎన్నిసార్లు చెప్పినా వినలేదని అన్నాడు. తన వయసులో ఒక్క వానకు రెండు నెలల కష్టం కళ్లముందే బురదై పోవడం చూశాడట. ఆ రోజు బట్టీ దగ్గర పొయ్యి కూడా వెలిగించలేదట. ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన గొంతులో నటన లేదు. పచ్చి ఇటుక మీద నీటిచుక్క పడితే ఇప్పటికీ గుండె ఝల్లుమనే మనిషే.

"అంటే ఆ పిల్లకు పని రాదంటారా?"

ఈశ్వరప్ప చప్పున తలెత్తాడు. "రాదని యాల అంటానమ్మా? నా సేతుల్లో మట్టి తొక్కిన పిల్ల. ఏం కలిపిందో యాడ నేర్చిందో గానీ, గోడ తలుపు పడినట్టు పడింది. ఒకటే ముక్క. నా బట్టీలో బాగా కాలిన ఇటికతో కట్టినా అట్ల..." అని ఆగి, క్యారియరు మూత తీసి మళ్లీ పెట్టాడు. గంజి చల్లారిపోతోందని లేచి లోపలికి వెళ్లాడు.

అన్నంలో రాయి తగిలినట్టు ఏదో తగిలింది భార్గవికి. ఏమిటో అప్పటికప్పుడు తేలలేదు. జేసీబీ వచ్చే టైము దగ్గరపడుతోంది కాబట్టి కారెక్కి పుంగనూరు దారి పట్టింది.

*

నాగవేణి గోడల నీడలో నిలబడి ఎదురుచూస్తోంది. ముప్ఫై దాటని మనిషి, వేళ్లు సున్నానికి ఒరిసిపోయి తెల్లగా ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది గానీ అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పింది. బైరప్పను మామే తెచ్చి కాపలాకు పెట్టించాడు. పగలు మేస్త్రీలు ఉంటారు. నాలుగు దాటాక మనుషులెవరూ ఉండరు, బైరప్ప ఒక్కడే. కింది వరుసలు పెట్టి రెండు నెలలు కావస్తోంది, మొన్న ఆదివారానికి గోడలన్నీ లేచాయి, కప్పు వేయడం ఒక్కటే మిగిలింది.

భార్గవి పడమటి గోడ దగ్గర కూర్చుంది. పడిపోయింది అంటే మొత్తం పడిపోలేదు. బేస్‌మెంటు మీద నాలుగు వరుసలు అలాగే నిలబడి ఉన్నాయి. ఐదో వరుస నుంచి పైదంతా విరిగి గది లోపలికి పడింది. ఆ నాలుగు వరుసలూ మిగతా గోడలకంటే నల్లగా, నీరు పట్టి ఉన్నాయి. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మే నెల ఎండలో, బావి ఒరను ముట్టుకున్నంత చల్లదనం.

కారులోంచి స్పానరు తెచ్చి, నల్లటి వరుస మీద ఒక దెబ్బ కొట్టింది. కంచు చెంబు మీద కొట్టినట్టు ఖంగుమంది. దక్షిణపు గోడ మీద కొట్టింది. అదీ గట్టిదే గానీ ఆ మోత లేదు. మళ్లీ వచ్చి నల్లటి వరుస మీద కొట్టింది. ఈసారి స్పానరే ఎగిరి చేతిలోంచి జారింది. ఇటుక మీద గీత కూడా పడలేదు.

"నాగవేణీ, ఈ నాలుగు వరుసలకు వేరే సరుకు వాడినారా?"

లేదని, అన్నీ ఒకే మడిలో కలిపినవేనని నాగవేణి చెప్పింది. చెబుతూ తను కూడా వంగి చూసింది. చూసి, మోకాళ్ల మీద కూలబడింది. ఏదో వెతుకుతున్నట్టు ఇటుకల మీద చెయ్యి పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది.

"అక్కా, ఈడ పగుళ్లుండాల. ఎంటికంత సన్నవి. ఆరేటప్పుడు వచ్చింటే నేనే పెన్సిలుతో సున్నాలు సుట్టి పెట్టినాను, ఇదో సున్నాలు. పగుళ్లు యాడికి పోయినాయి?"

పెన్సిలు సున్నాలు ఉన్నాయి. సున్నాల మధ్య పగులు లేదు. పగులు ఉండాల్సిన చోట తెల్లటి దారం అతికించినట్టు ఒక గీత ఉంది. భార్గవి గోరుతో గీకింది. గోరు అరిగింది, గీత అరగలేదు.

ఇటుకలో సున్నం ఉంటుందని, తడీ గాలీ రెండూ విడవకుండా దొరికితే ఆ సున్నం ఊరి, పగుళ్లలోకి వచ్చి, అక్కడే రాయిగా మారుతుందని నాగవేణి వివరించింది. గుర్రంకొండ కోట గోడల్లో అలాంటి తెల్లగీతలు చూసి ఒకసారి ఒక పెద్దమేస్త్రీ చెప్పాడట. నిజమేనా అని అప్పుడు అనుమానించిందట. ఇప్పుడు తన చేతి ఇటుక తన గాయం తానే మాన్పుకోవడం కళ్లారా చూస్తోంది. స్టేషను, లాయరు, నాలుగింటి జేసీబీ, అన్నీ మరిచిపోయి ఆ గీత మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. భార్గవి పన్నెండేళ్లలో కూలిన గోడలు వందలు చూసింది. దెబ్బ తగిలాక బాగుపడిన గోడను ఇదే చూడటం.

కాసేపటికి వృత్తి గుర్తొచ్చి, ఇలా పూడటానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది.

"నెల. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. దినమూ తడపాల. కానీ అక్కా, నేను గోడకు ఒక్క వారమే నీళ్లు కొట్టించినాను. ఆ పైన ఆపేసినాం."

"అయితే ఈ నెలంతా పోసింది ఎవరు?"

భార్గవి గోడ వెనక్కి వెళ్లింది. సిమెంటు సంచుల చాటున నల్లటి పైపు చుట్ట ఉంది. ఒక కొస బోరు దగ్గరికి పోతోంది. రెండో కొస గోడ మొదట్లో, పైకి కనబడకుండా రాళ్ల కింద ఒదిగి ఉంది. సాయంత్రాలు బైరప్ప ఆ పైపు పట్టుకుని ఉండటం తాను రెండుమూడుసార్లు చూశానని, అడిగితే చెట్లకు పోస్తున్నానన్నాడని నాగవేణి గుర్తుచేసుకుంది. భార్గవి చుట్టూ చూసింది. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. నాగవేణి కూడా అప్పుడే చూసినట్టు చూసింది.

గోడ పడ్డ చోట నాగవేణి ఇంకో సంగతి చెప్పింది. పక్క పల్లె గొర్రెలకాపరి మారప్ప, ఇంకో నలుగురు ముందుగా పరుగెత్తుకొచ్చి బైరప్పను బయటికి తీశారు. వాళ్లు వచ్చేసరికి గోడ ఒక్క ఇటుకా విడిపోకుండా పలకలా పడుందట. ఐదుగురూ పట్టినా లేవకపోతే, గడ్డపారలతో పగలగొట్టి తీశారట. ఆ తరవాత వచ్చినవాళ్లందరూ చూసింది ఆ ముక్కల కుప్పనే. కరిగి కూలిందన్న మాట అక్కడే పుట్టింది. మారప్ప ఆ రాత్రే మందతో కొండకు పోయి నిన్న సాయంత్రం దిగాడు, వెంటపోయిన నలుగురూ ఇంకా రాలేదు. మారప్ప నిన్న చెబితేగాని నాగవేణికే ఈ సంగతి తెలియదు. తను ఇంకా ఎవరికీ చెప్పలేదు.

తలుపు పడినట్టు పడింది. ఒకటే ముక్క. పొద్దున అన్నంలో తగిలిన రాయి ఇప్పుడు పంటికింద నలిగింది భార్గవికి.

అయినా నోరు కట్టుకుంది. ఒక్క మాట పట్టుకుని మనిషిని ఉరితీయలేం. ఇద్దరూ కలిసి ముక్కలు ఏరి, విరిగిన అంచులు జత చూసి నేలమీద పేర్చడం మొదలుపెట్టారు. ఆరేడు ఇటుకలు కలిసేసరికి కనబడింది. గోడకు బయటివైపు, నడుమెత్తులో, అడ్డంగా ఒక తిన్నటి గాడి. గాడిలో, బండి బంపరు ఒరుసుకున్నట్టు, నీలం రంగు పొట్టు.

*

జేసీబీ మోత వినబడింది. చెప్పిన టైముకు గంట ముందే వచ్చింది. దాని ముందు తెల్లకారులోంచి చంద్రమోహన్ దిగాడు. ఒకప్పుడు భార్గవికి పై ఆఫీసరు. ఆయన మూసిన ఫైలు ఇంతవరకూ ఎవరూ తెరవలేదని ఆఫీసులో పేరు. ఆ పేరు ఆయనకే ఎక్కువ ఇష్టం.

"పెళ్లి సంబంధాలు మానేసి గోడలకు సంబంధాలు చూస్తున్నారా భార్గవిగారూ?"

"గోడలకు చెవులే ఉంటాయనుకున్నాను సార్. ఈ గోడకు నోరు కూడా ఉంది. వినే ఓపిక ఉందా?"

లేదన్నట్టే వాచీ చూసుకున్నాడు ఆయన. మొదటి నాలుగు వరుసలూ తడిసి ఉన్నాయని, తడిసిన గీత దగ్గరే గోడ విరిగిందని, పచ్చి ఇటుక తడికి మెత్తబడుతుందని మూడు ముక్కల్లో రిపోర్టు ఒప్పజెప్పాడు. చిన్నపిల్లవాడికైనా తెలిసే విషయం అన్నాడు.

"అదే సార్. తడికి మెత్తబడితే తడిసిన నాలుగు వరుసలు పోవాలి. పొడిగా ఉన్న పైభాగం ఎందుకు పోయింది?"

భార్గవి ఆయన చేతిలో స్పానరు పెట్టింది. మీరే కొట్టి చూడండి అంది. ఆయన ఏదో పిల్లచేష్టలా పొడి గోడ మీద ఒకటి కొట్టి, తడి గోడ మీద ఒకటి కొట్టాడు. ఖంగుమన్న మోతకు జేసీబీ డ్రైవరు కూడా తల బయటికి పెట్టి చూశాడు. చంద్రమోహన్ మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టేటప్పుడు ఆయన కోటు గుండీ విప్పుకుని, వంగి, చెవి దగ్గరపెట్టి విన్నాడు.

భార్గవి తెల్లగీతలు చూపించింది. పెన్సిలు సున్నాలు చూపించింది. గోడను కరిగించాలని ఎవరో నెలరోజులకు పైగా దినమూ నీళ్లు పోయించారని, చంపడానికి పోసిన నీళ్లు తాగి గోడ బలిసిందని చెప్పింది. ఎంతకీ కూలకపోయేసరికి సోమవారం ట్రాక్టరు తెచ్చి బయటినుంచి గుద్దారు. బలిసిన నాలుగు వరుసలూ చెక్కుచెదరలేదు. పైది ఒకటే పలకగా విరిగి లోపలికి పడింది. గాడిలో నీలం రంగు చూడండి అంది.

"నీలం ట్రాక్టర్లు మండలంలో సగం మందికి ఉన్నాయి" అన్నాడు చంద్రమోహన్. కానీ గొంతులో ఇందాకటి బిర్రు లేదు. "నీళ్లు పోసినవాడు ఎవరు?"

"బైరప్ప."

నాగవేణి అదిరిపడింది. చంద్రమోహన్ నవ్వబోయాడు. గోడ కూల్చాలనుకున్నవాడు గోడ కింద ఎందుకు పడతాడని అడిగాడు. సరైన ప్రశ్నే. దానికి జవాబు పొద్దున ఆసుపత్రిలోనే చూసి వచ్చింది భార్గవి, అర్థం మాత్రం ఇప్పుడే అయింది.

"ఆయన రెండు మణికట్లూ వెనక్కి విరిగినాయి సార్. గోడ పడుతుంటే పారిపోయే మనిషికి అలా విరగవు. గది లోపల నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, అవతలినుంచి ట్రాక్టరు తోస్తుంటే ఇవతలినుంచి ఆపబోయాడు. విరిగిన పలక ఈ నాలుగు వరుసల మీద వాలబట్టి కాళ్లు దక్కినాయి."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

నెలరోజులు దినమూ గోడ కాళ్ల దగ్గర కూర్చుని నీళ్లు పోసిన మనిషి అతను. ఇవాళ కరుగుతుంది, రేపు కరుగుతుంది అని చూసుంటాడు. బట్టీలో పుట్టి బట్టీలో పెరిగినవాడికి పచ్చి ఇటుక నీళ్లలో కరగడమంటే పొద్దు పొడవడమంత నిజం. అలాంటిది కరగకపోగా, పగుళ్లు ఒక్కొక్కటే మూసుకుపోవడం దగ్గరగా చూసింది లోకంలో అతనొక్కడే. ఏ రోజున అతనిలో భయం భక్తి అయిందో భార్గవికి తెలియదు. చివరికి ఆ గోడకు అడ్డంగా తన రెండు చేతులూ పెట్టాడు. అంత బరువైన ట్రాక్టరును అరచేతులతో ఆపుదామనుకున్నాడంటే, అప్పటికి అతనికి ఆ గోడ ఏమైపోయిందో అనుకుంటూ ఆమె ఆ నల్లటి వరుసల మీద చెయ్యి ఆనించింది.

"కాల్చని ఇటుక నీళ్లకు చస్తుందని కళ్లు మూసుకుని నమ్మేది ఎవరు?" అని మెల్లగా అడిగింది. "సిమెంటు కంపెనీవాడు నమ్మడు, తాపీమేస్త్రీ నమ్మడు. వాళ్లకు క్యూరింగ్ తెలుసు, తడిపేకొద్దీ గట్టిపడుతుందని తెలుసు. బట్టీవాళ్లు మాత్రమే నమ్ముతారు. ఈ ఇటుక నిలిస్తే తమ బట్టీలకు రోజులు చెల్లినట్టేనని భయపడేదీ వాళ్లే."

నాగవేణి ముఖంలో రంగు మారింది. ఎవరి పేరు రాబోతోందో తెలిసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తండ్రి పోయాక తనను పెంచింది మామ. మట్టి తొక్కడం నేర్పింది మామ. నీలం ట్రాక్టరు మీద బడికి దించింది మామ. ఆ మాట తన నోటితో తనే అని, అన్నాక చేత్తో నోరు మూసుకుంది.

ఈశ్వరప్ప సోమవారమంతా కుప్పంలో ఉన్నానన్నాడు. భార్గవి అక్కడి కుప్పుస్వామికి ఫోను చేసి, సోమవారం పుంగనూరు నుంచి ఎవరైనా వచ్చారా అని అడిగింది. వచ్చారన్నాడు కుప్పుస్వామి. ఒక పెద్దాయన వచ్చి, నాగవేణి నమూనాగా ఇచ్చిపోయిన ఇటుకను పట్టుకుని, వేలికణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయాడట.

"దీన్ని ఎన్నాళ్లు నానబెడితే కరుగుతుందప్పా అని అడిగినారు మేడం. కరగదు పెరియవరే, నానేకొద్దీ రాయి అయితాది అంటిని. ఆయన ఇటికను ఆడనే పెట్టేసినారు. పన్నెండు గంటల బస్సుకు తిరిగి పోయినారు."

పన్నెండింటికి కుప్పంలో బస్సెక్కిన మనిషి పొద్దుగూకేలోపు పుంగనూరులో ఉంటాడు. భార్గవి ఫోను పెట్టేసేలోగా నాగవేణి ఫోను మోగింది.

నర్సు శ్రీలక్ష్మి. వింటూంటే నాగవేణి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఫోను పెట్టేసి, ఏడుస్తూనే నవ్వింది.

"బైరప్ప కండ్లు తెరిసినాడంట అక్కా. ఒకటే మాట అడిగినాడంట. గోడ ఉండాదా అని. మళ్లా మగతలోకి పోయినాడంట."

గోడ ఉండాదా. చంద్రమోహన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భార్గవి మాత్రం ఇంకో సంగతి అడిగింది. "పక్కన ఎవరుండారంట?"

"మామే. ఆ మాట అడిగినప్పుడు కూడా ఆడనే ఉండాడంట."

భార్గవి చంద్రమోహన్ వైపు తిరిగి, ట్రాక్టరు నడిపింది ఎవరో చెప్పగలిగినవాడు బైరప్ప ఒక్కడే, వరండాలో ఉన్న మీ మనిషిని వెంటనే లోపలికి పంపించండి అంది. ఆయన కదల్లేదు. పెద్దాయన ఉన్నాడు కదా, స్పృహ వస్తే ఆయనే కబురు చేస్తానన్నాడని, తన మనిషిని అరగంట కిందటే వెనక్కి పిలిపించానని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడటానికి లేదు. ఆ వెంటనే జేబులోంచి తాళాలు తీసి, జేసీబీని వెళ్లిపొమ్మని చెయ్యి ఊపి, కారు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం భార్గవి ఎప్పుడూ చూడలేదు.

కారు రోడ్డెక్కింది. వెనక సీట్లో నాగవేణి నర్సుకు, ఆసుపత్రికి మార్చి మార్చి చేస్తోంది. నర్సు ఎత్తడం లేదు. ఆసుపత్రి నంబరు బిజీ. భార్గవి ఒక్క క్షణం ఆలోచించి, నాగవేణిని నంబరు అడిగి ఈశ్వరప్పకే చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"సెప్పమ్మా." గొంతు నెమ్మదిగా ఉంది. వెనక ఇనప మంచం మీద వేలికణుపు చప్పుడు. టక్, టక్. "సిస్టరమ్మ కిందికి పోయింది. బైరప్ప పండుకోనుండాడు. గంజి తాపాల." క్యారియరు మూత తీసిన చప్పుడు. "ఆ గోడ కూల్చేసినారా?"

ఒకే మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఒకే గోడను అడుగుతున్నారు. ఒకడు ఉందా అని, ఒకడు పోయిందా అని. ఈ రెండోవాడు పొద్దున ఆ గోడ గొప్ప చెప్పకుండా నోరు ఆపుకోలేకపోయాడని భార్గవికి గుర్తొచ్చింది. ఆ ఒక్కటే ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న ఆయుధం.

"లేదప్పా. నిలబడుండాది. తడిసిన నాలుగు వరుసలు సూసినాను. పగుళ్లుండె కదా, అవి పూడిపోయినాయి. ఎవరూ పూయలేదు. వాటంతట అవే పూడినాయి."

టక్‌టక్ చప్పుడు ఆగిపోయింది. తరవాత, నలభై ఏళ్లు మంట ముందు కూర్చున్న ఆ మనిషి, బడిపిల్లవాడి గొంతుతో అడిగాడు.

"ఎట్ల?"

పుంగనూరు ఊరు ఇంకా దాటలేదు. మదనపల్లె చేరాలంటే అరగంటకు తక్కువ పట్టదు. ఆ చెయ్యి ఫోను పట్టుకుని ఉన్నంతసేపూ ఇంకో పనికి పోదు. భార్గవి నాగవేణిని ముందుకు వంగమని సైగ చేసి, సున్నం సంగతి మొదటినుంచి తన చెవిలో చెప్పమంది.

"సెప్తానప్పా, ఇనండి. తొందర లేదు" అంది ఫోనులో. చెప్పడం మొదలుపెట్టింది.